కొండల్లో కొత్త గోల్ఫ్ కోర్సులు వద్దు

పద్దెనిమిది హోల్స్ ఉండే గోల్ఫ్ కోర్సుకు తక్కువలో తక్కువ యాభై అరవై హెక్టార్ల నేల కావాలి. మన లెక్కలో చెప్పాలంటే ఓ చిన్న చెరువు కింద ఆయకట్టంత. హిమాలయాల్లో అంత భూమి, అదీ బంతి దొర్లేటంత మెత్తటి వాలుతో, ఒక్కచోట దొరకాలంటే నది ఒడ్డునైనా చూడాలి, అడవి నడుమ పచ్చికబయలైనా చూడాలి, లేకుంటే ఊరి పంటపొలాల మీద పడాలి. కొండ ప్రజల బతుకంతా ఆ నేలల మీదే నడుస్తోంది. కోర్సు ఎక్కడ వచ్చినా వాటిలో ఏదో ఒకటి పోక తప్పదు. గోల్ఫ్ టూరిజం పేరుతో కేంద్ర, రాష్ట్ర పర్యాటక శాఖలు చూపుతున్న ఉత్సాహంలో ఈ చిన్న లెక్క ఎక్కడా కనిపించదు. కశ్మీర్ నుంచి ఈశాన్యం దాకా హిమాలయ వాలుల్లో కొత్త గోల్ఫ్ కోర్సులకు ఇక అనుమతి ఇవ్వకూడదు.

కొండల్లో గోల్ఫ్ కొత్తదేమీ కాదు. వేసవి వేడికి తాళలేక కొండలెక్కిన బ్రిటిష్ అధికారులు గుల్‌మర్గ్‌లో, షిల్లాంగ్‌లో, సిమ్లా దగ్గర నాల్దేరాలో, నైనీతాల్‌లో, దక్షిణాన ఊటీ, కొడైకెనాల్‌లలో ఆట స్థలాలు వేసుకున్నారు. వైస్రాయ్ కర్జన్‌కు నాల్దేరా ఎంతగా నచ్చిందంటే కూతురి పేరులో ఆ ఊరి పేరు చేర్చాడు. ప్రజల నేలను దొరల విలాసానికి వాడుకోవడం అప్పుడూ అన్యాయమే. కాకపోతే ఆ కాలపు కోర్సులు నేల ఎటు వాలితే అటు సాగేవి. దేవదారు చెట్టు అడ్డొస్తే బంతే చుట్టూ తిరిగి పోవాలి తప్ప చెట్టు కదిలేది కాదు. ఇప్పటి కోర్సును ముందు కంప్యూటర్‌పై గీస్తారు, ఆ గీతకు సరిపోయేలా కొండను చెక్కుతారు. పాత కోర్సులను చూపించి కొత్తవాటిని సమర్థించేవారు ఈ తేడాను దాటవేస్తున్నారు.

ఆ తేడా శ్రీనగర్‌లో కళ్లకు కడుతుంది. దాల్ సరస్సు పక్కన జబర్వాన్ కొండల పాదాల దగ్గర 1986లో ఓ జాతీయ పార్కును ప్రకటించారు. దానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టారు. 1930లలో నిజాం సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసిన వ్యక్తిగా తెలుగు నేలకూ ఆయన పరిచితుడే. 1998-2001 మధ్య ఆ పార్కు భూమి రాయల్ స్ప్రింగ్స్ గోల్ఫ్ కోర్సుగా మారిపోయింది. డిజైన్ చేసింది అమెరికాకు చెందిన రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్. పహల్గాంలో లిద్దర్ లోయలోని కోర్సూ ఆయన గీసిందే. జాతీయ పార్కు హోదానే ఆ అడవిని కాపాడలేకపోయింది. ఏ హోదా లేని గ్రామ పచ్చికలకు, వాగు ఒడ్డులకు ఇక దిక్కెవరు?

గోల్ఫ్ కోర్సును చూసి పచ్చదనమని మురిసేవారు గ్రీన్ అనే భాగాన్ని ఒక్కసారి దగ్గరగా చూడాలి. బంతిని గుంతలోకి నెట్టే ఆఖరి గుండ్రటి మడి అది. అడుగున పది సెంటీమీటర్ల కంకర, దానిపైన ముప్పై సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం వేసి, ఆ పైన గడ్డి పెంచుతారు. ఆ గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు మించనివ్వరు. సీజన్‌లో రోజూ కత్తిరింపే. అంత పొట్టి గడ్డికి వేరు లోతుగా దిగదు. ఒక్కపూట నీరు తప్పితే వాడిపోతుంది, తేమ కాస్త ఎక్కువైతే తెగులు పట్టుకుంటుంది. ఇసుకలో ఎరువు నిలవదు కనుక మళ్లీ మళ్లీ వేయాలి. వేసినదాంట్లో గడ్డి పీల్చుకోగా మిగిలింది కంకర కిందున్న గొట్టాల గుండా పల్లానికి పోతుంది.

కొండల్లో దీనికి తోడు మరో బెడద ఉంది. నెలల తరబడి మంచు కప్పుకున్న గడ్డికి స్నో మోల్డ్ అనే బూజు తెగులు సోకుతుంది. గ్రీన్లను కాపాడుకోవడానికి మంచు పడకముందే శిలీంద్రనాశకం చల్లి వదిలేస్తారు. అమెరికాలో 1990ల తొలి ఏళ్ల దాకా ఈ పనికి పాదరసం కలిసిన మందులే వాడారు. ఇప్పుడు మందులు మారాయి కానీ పద్ధతి మారలేదు. వసంతంలో మంచు కరిగితే ఆ నీటి దారిలోనే ఊరి ఊటలు, పశువులు తాగే వాగులు ఉంటాయి. శ్రీనగర్ విషయంలోనైతే పల్లాన ఉన్నది దాల్ సరస్సు. మురుగు నీటితో, పొలాల ఎరువులతో నాచు పట్టి ఆ సరస్సు ఎప్పటినుంచో కొట్టుమిట్టాడుతోంది. దాని నెత్తిన ఎరువు తినే పచ్చికను పెట్టడాన్ని అభివృద్ధి అనడానికి చాలా ధైర్యం కావాలి.

నీటి లెక్క మరీ సూటిగా ఉంటుంది. ఒక హెక్టారును ఒక్క మిల్లీమీటరు మేర తడపడానికి పదివేల లీటర్లు పడతాయి. కోర్సులో ముప్పై హెక్టార్లనే తడిపినా, వాన లేని వేసవి రోజున నాలుగు మిల్లీమీటర్ల చొప్పున ఇచ్చినా, రోజుకు 12 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ గ్రామీణ ప్రాంతాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని లెక్క కట్టింది. అంటే ఆ నీరు దాదాపు 22 వేల మంది ఒకరోజు వాడుక. హిమాలయ ప్రాంతంలో దాదాపు సగం ఊటలు ఎండిపోతున్నాయని నీతి ఆయోగ్ బృందం 2018లో ఇచ్చిన నివేదిక హెచ్చరించింది. ఆ ఏడాది వేసవిలోనే సిమ్లాలో కుళాయిలు ఎండాయి. జనం బిందెలు, బకెట్లు పట్టుకుని ట్యాంకర్ల ముందు బారులు తీరారు, బడులకు సెలవులిచ్చారు. కోర్సుకు నీరు ఎక్కువ కావలసింది సరిగ్గా ఆ నెలల్లోనే. మురుగునీటిని శుద్ధిచేసి వాడతామని ప్రతిపాదనల్లో రాస్తారు. హోటళ్ల మురుగునే శుద్ధి చేయలేని పట్టణాలు కొండ మీదికి శుద్ధ జలాన్ని ఎక్కించి గడ్డిని తడుపుతాయంటే నమ్మడం కష్టం.

ఇక వాలు సంగతి. కోర్సు వేయడమంటే పైవాలును కోసి ఆ మట్టిని కింద పోయడం. చెట్ల వేళ్లు పట్టి ఉంచిన నేలను వదులు చేసి, దానికి రోజూ నీళ్లు పెట్టడం. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణం పాత కొండచరియల శిథిలాల మీద ఉందని, అక్కడి వాలును, బండరాళ్లను కదిలించవద్దని, భారీ నిర్మాణాలు కూడదని మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. వినలేదు. 2023 జనవరిలో ఇళ్ల గోడలు నిలువునా చీలి, కుటుంబాలు సామాన్లతో రోడ్డున పడ్డాయి. జోషీమఠ్‌ను కుంగదీసింది గోల్ఫ్ కాదు, నిజమే. కానీ అక్కడ వద్దన్న పనులనే అరవై హెక్టార్ల మేర చేస్తే గాని కొండ మీద కోర్సు తయారు కాదు.

ఖాళీగా ఉన్న పచ్చికను వాడుకుంటే తప్పేమిటన్నది తరచూ వినిపించే వాదన. ఆ పచ్చిక ఏ కాలంలో ఖాళీగా కనిపించిందో కూడా చెప్పాలి. గుజ్జర్లు, బకర్వాల్‌లు వేసవి మొదట్లో జమ్మూ పల్లపు ప్రాంతాల నుంచి గొర్రెలు, మేకలు, గుర్రాలతో పీర్ పంజాల్ దాటి ఎత్తైన బయళ్లకు చేరతారు, చలి ముదరగానే దిగిపోతారు. చలికాలంలో సర్వేకు వెళ్లిన అధికారికి ఆ నేల ఎవరిదీ కానట్టే కనిపిస్తుంది. అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల కాలానుగుణ మేత హక్కును గుర్తించింది. 2019 పునర్వ్యవస్థీకరణ తర్వాత ఆ చట్టం జమ్మూ కశ్మీర్‌కూ వర్తిస్తోంది. గ్రామసభ తీర్మానం లేకుండా పచ్చికను క్లబ్బుకు అప్పగిస్తే అది చట్ట ఉల్లంఘనే.

ఉపాధి, ఆదాయం అన్న మాటలనూ తూచి చూడాల్సిందే. జమ్మూ కశ్మీర్‌కు 2023లో రెండు కోట్లకు పైగా సందర్శకులు వచ్చారని ప్రభుత్వమే చెప్పింది. వైష్ణోదేవి, అమర్‌నాథ్ యాత్రికులు పోగా మిగిలినవారు వచ్చింది మంచు కోసం, సరస్సు కోసం, తోటల కోసం. వారికి గది అద్దెకిచ్చేవాడు, గుర్రం నడిపేవాడు, షికారాకు తెడ్డు వేసేవాడు, శాలువా అమ్మేవాడు అందరూ బతుకుతున్నారు. గోల్ఫ్ కోర్సు ఇచ్చేది కొద్దిమందికి ఆటగాళ్ల సంచులు మోసే కేడీ పని, గడ్డి కోత పని. గుల్‌మర్గ్ లాంటి చోట మంచు పడితే అదీ ఉండదు. పైగా పర్యాటకం ఎప్పుడు ఆగిపోతుందో తెలియని నేల అది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడిలో 26 మంది ప్రాణాలు కోల్పోయాక పదుల సంఖ్యలో పర్యాటక స్థలాలను మూసేశారు. హోటల్ ఖాళీ అయితే తలుపులు మూసుకోవచ్చు. గోల్ఫ్ గడ్డికి ఆటగాడు వచ్చినా రాకపోయినా నీరు, మందు, కూలీ ఆగవు.

అసలు లాభం ఆటలో లేదు, చుట్టూ వేసే విల్లాల్లో ఉంది. కోర్సు పేరు చెప్పి పక్క భూముల ధర పెంచడం ప్రపంచమంతా నడిచిన వ్యాపారమే. జపాన్ ఇందులో నిండా మునిగింది. 1987లో రిసార్ట్ చట్టం తెచ్చి, పన్ను రాయితీలిచ్చి, కొండ అడవులను కోర్సులకు వదిలింది. గోల్ఫ్ సభ్యత్వాలు షేర్ల మాదిరి చేతులు మారాయి, వాటి ధరలకు నిక్కీ పత్రిక ఏకంగా ఓ సూచీనే నడిపింది. ధరల బుడగ పగిలాక వందల క్లబ్బులు దివాలా తీశాయి, డిపాజిట్లు తిరిగి ఇవ్వలేక చేతులెత్తేశాయి. గుండు కొట్టిన ఆ కొండల మీద కొన్నిచోట్ల ఇప్పుడు సోలార్ పలకలు పరిచారు. హిమాచల్‌లో కౌలు, భూసంస్కరణల చట్టంలోని సెక్షన్ 118 ఉంది కనుక బయటివారు భూమి కొనడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. జమ్మూ కశ్మీర్‌లో వ్యవసాయేతర భూముల విషయంలో ఆ అడ్డు 2020 అక్టోబరులో తొలగిపోయింది. అక్కడ గోల్ఫ్ ప్రతిపాదన వస్తే ఆటకన్నా ముందు భూమి పత్రాలు చూడాలి.

ఇంత జరుగుతున్నా చట్టం కంటికి గోల్ఫ్ కోర్సు ఎందుకు ఆనదు? అది భవనం కాదు గనుక. 1994 జనవరి నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో వెయ్యి మీటర్లకు పైన, అయిదు కోట్ల రూపాయలు మించిన పర్యాటక ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. 2006 నోటిఫికేషన్‌లో ఆ పద్దు లేదు. ఇప్పుడు చూసేది 20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలను, 50 హెక్టార్లు దాటిన టౌన్‌షిప్పులను. తొమ్మిది హోల్స్ కోర్సు, క్లబ్ హౌస్, పాతిక కాటేజీలతో వచ్చే ప్రాజెక్టు ఈ రెండు కొలతలకూ దొరకదు. పదేళ్లాగి రెండో తొమ్మిది హోల్స్ కలుపుకోవచ్చు. ఈ సందును పూడ్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1994 నాటి ఆ ఒక్క పద్దును పెట్టుబడి పరిమితి లేకుండా తిరిగి చేర్చి, గోల్ఫ్ కోర్సు అన్న మాటను అందులో స్పష్టంగా రాస్తే చాలు. ఆధారం సుప్రీంకోర్టు ఎప్పుడో ఇచ్చింది. కులు-మనాలి దారిలో బియాస్ ఒడ్డున అటవీ భూమిని ఓ రిసార్టుకు లీజుకిచ్చిన కేసులో, నదులు, అడవులు ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్న ధర్మనిధి అని, వాటిని ప్రైవేటు లాభానికి ధారాదత్తం చేసే హక్కు ప్రభుత్వానికి లేదని 1996 డిసెంబరులో తేల్చింది.

నిషేధం కాగితం మీద ఉంటే చాలదని చైనా చూపింది. 2004లో కొత్త కోర్సులు వద్దని ఆ దేశం ఆదేశించినప్పుడు అక్కడున్నవి రెండు వందల లోపే. స్థానిక అధికారులు పార్కులని, క్రీడా కేంద్రాలని పేర్లు మార్చి అనుమతులిస్తూ పోయారు. దశాబ్దం తిరిగేసరికి అవి ఆరు వందలు దాటాయి. 2017లో 111 కోర్సులను మూయించాల్సి వచ్చింది. మెక్సికోలో టెపోజ్‌ట్లాన్ అనే కొండ పట్టణం వేరే దారి పట్టింది. జాతీయ పార్కు పరిధిలో గోల్ఫ్ క్లబ్బుకు తమ పురపాలకులే ఊకొట్టారని 1995లో అక్కడి జనం వారిని గద్దె దింపారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఓ నిరసనకారుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆ తర్వాతే కంపెనీ వెనక్కి తగ్గింది. ఓ ఆట స్థలాన్ని ఆపడానికి ప్రాణం పోయేదాకా వ్యవహారం రాకూడదు.

తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ కొండలకు, గిరిజనేతరులకు భూ బదిలీని నిషేధించే 1/70 చట్టం, 1997 నాటి సమత తీర్పు రక్షణగా ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. అరకు, లంబసింగి వైపు రిసార్టుల చూపు మళ్లిన ఈ కాలంలో ఆ రక్షణను సడలించకపోవడమే చేయాల్సిన పని. గోల్ఫ్ ఆడాలనుకునే వారికి ఆడుకునే హక్కు ఉంది. దేశంలో మైదాన ప్రాంతాలకు కొదవ లేదు, నగరాల మురుగునీటికి అంతకన్నా కొదవ లేదు. అయితే గోల్కొండ నయాఖిలా గోడల మధ్య కోర్సు వేసి వారసత్వ స్థలాన్ని వివాదంలోకి లాగిన తీరు చూస్తే, అక్కడ కూడా భూమి ఎంపికను క్లబ్బులకు వదిలేయకూడదని తెలుస్తుంది.

ఇప్పటికే ఉన్న కొండ కోర్సులను మూసేయమనడం లేదు. నాల్దేరా, గుల్‌మర్గ్ లాంటివి అలాగే కొనసాగవచ్చు, విస్తరణ మాత్రం కూడదు. ప్రతి కోర్సూ నీటికి మీటరు పెట్టాలి, నెలనెలా ఎంత వాడిందో, ఏ మందు ఎంత చల్లిందో స్థానిక సంస్థకు తెలపాలి. కింది ఊటల నీటిని రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థలు మంచు కరిగే కాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి. ఆ పరీక్షలు దాల్ ఎగువన ఉన్న శ్రీనగర్ కోర్సుతో మొదలవ్వాలి, ఎందుకంటే అది ప్రభుత్వమే కట్టింది, ప్రభుత్వమే నడుపుతోంది.