ఖర్చుల పట్టికలో కనిపించని శ్రమ

వరి సాగుపై వెలువడే పరిశోధనా వ్యాసాలలో ఎక్కువ భాగం ఒక ఖర్చుల పట్టికతో ముగుస్తాయి. విత్తనం, ఎరువులు, సస్యరక్షణ మందులు, యంత్రాల అద్దెతో పాటు కూలీల ఖర్చు కూడా అందులో ఒక వరుసగా ఉంటుంది. ఎకరాకు పట్టిన పనిదినాలను రోజు కూలితో గుణిస్తే ఆ వరుస పూర్తవుతుంది. పనిదినంలోని మొదటి గంట, చివరి గంట ఒకే విధంగా సాగుతాయన్న భావన ఈ గుణకారంలో దాగి ఉంది. ఆ భావన శాస్త్రపరీక్షకు నిలవదు. శరీరంపై పడే భారాన్ని గమనించకుండా శ్రామికుల ఉత్పాదకతను అంచనా వేయడం, భూసార పరీక్ష లేకుండా ఎరువుల మోతాదు నిర్ణయించడం వంటిదే.

వరినాట్లను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఖరీఫ్‌లో చదరపు మీటరుకు 33 కుదుళ్ళు, రబీలో 44 కుదుళ్ళు ఉండాలన్నది తెలుగు రాష్ట్రాల రైతులకు సుపరిచితమైన సిఫారసు. 33 కుదుళ్ళ లెక్కన ఎకరాకు సుమారు 1,33,000 కుదుళ్ళు నాటాలి. పదిమంది స్త్రీలు ఒక రోజులో ఎకరా పూర్తి చేస్తే ఒక్కొక్కరి వాటా 13,000 కుదుళ్ళు దాటుతుంది. ఎనిమిది గంటలు ఏకధాటిగా పనిచేసినా నిమిషానికి సుమారు 28 కుదుళ్ళు పడాలి. రబీ సిఫారసు ప్రకారమైతే ఈ సంఖ్య 37కు చేరుతుంది. నడుము వంచి, బురదలో కాళ్ళు దిగబడుతుండగా, వెనక్కి అడుగులు వేస్తూ ఈ వేగాన్ని సాయంత్రం వరకు నిలుపుకోవాలి. మొక్కల సాంద్రత తగ్గినప్పుడు కూలీలు పలుచగా నాటారన్న నింద వెంటనే వినిపిస్తుంది. అంత వేగం ఎంతసేపు సాధ్యమన్న ప్రశ్న మాత్రం వినిపించదు.

శరీరధర్మశాస్త్రం ఈ ప్రశ్నకు కొంత సమాధానం ఇస్తుంది. ఎక్కువసేపు వంగి ఉన్నప్పుడు నడుము కండరాలు బిగిసే ఉంటాయి. వాటికి రక్తప్రసరణ తగ్గి నొప్పి, అలసట త్వరగా వస్తాయి. భారతీయ శ్రామికులపై జరిగిన అధ్యయనాలు ఎనిమిది గంటల పనికి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యంలో సుమారు 35 శాతాన్ని, నిమిషానికి 110 గుండె స్పందనలను అంగీకారయోగ్యమైన పరిమితిగా సూచించాయి. ఈ పరిమితిని దాటి సాగే పనిలో వేగమో, నాణ్యతో, ఆరోగ్యమో దెబ్బతినక తప్పదు.

పరిమితి అందరికీ ఒకటి కాదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గినప్పుడు అదే పనికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. శ్రీలంక తేయాకు తోటల స్త్రీలపై జరిగి 1979లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇనుము అందించి హిమోగ్లోబిన్ పెంచిన తరువాత వారు కోసిన ఆకు పరిమాణం పెరిగింది. రక్తహీనత తీవ్రంగా ఉన్నవారిలోనే మెరుగుదల ఎక్కువగా కనిపించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1,660 కిలో కేలరీలు చాలు. బరువైన పనిచేసే స్త్రీకి 2,720 కావాలి. ఈ అదనపు 1,060 కిలో కేలరీలు ఆమె కూలిలో నుంచే రావాలి. సాగు ఖర్చుల లెక్కలో ట్రాక్టరుకు డీజిలు ఉంటుంది గాని, ఈ ఇంధనం ఉండదు.

దీనికి వేడి తోడవుతోంది. ఉక్కపోతలో చెమట ఆరదు. శరీరాన్ని చల్లబరచేందుకు రక్తం చర్మం వైపు మళ్ళడంతో కండరాలకు అందేది తగ్గుతుంది. వేడి ఒత్తిడి వల్ల 2030 నాటికి భారతదేశం మొత్తం పనిగంటల్లో 5.8 శాతాన్ని కోల్పోవచ్చని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 నివేదికలో అంచనా వేసింది. ఇది 3.4 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానం. ప్రపంచవ్యాప్తంగా జరిగే ఇటువంటి నష్టంలో 60 శాతం వ్యవసాయ రంగానిదేనని కూడా ఆ నివేదిక పేర్కొంది. కర్మాగారాల్లో ఉష్ణోగ్రత గురించి, మోయదగిన బరువుల గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ప్రస్తావించింది. పొలానికి అటువంటి రక్షణ దక్కలేదు.

గుత్త పద్ధతిలో ఒత్తిడి మరో రూపం తీసుకుంటుంది. పని త్వరగా ముగిస్తేనే మరో పొలానికి వెళ్ళే వీలుంటుంది కనుక విరామాన్ని శ్రామికులే వదులుకుంటారు. ముందుగా తీసుకున్న బయానా, ముఠాలో వెనుకబడతామన్న బెరుకు, ఇంటి వద్ద ఎదురుచూసే పని ఈ తొందరను పెంచుతాయి. రైతును తప్పు పట్టడం కూడా సరికాదు. అదను దాటిపోతుందన్న ఆందోళన అతనిది. ఇద్దరి తొందర వల్ల వచ్చే నష్టం చివరకు కుదుళ్ళ సంఖ్యలో, నాటు లోతులో తేలుతుంది.

ఈ విషయంలో పరిశోధనా రంగానికి గట్టి బాధ్యత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 ఖరీఫ్ నుంచి విస్తృతంగా ప్రచారం పొందిన శ్రీ పద్ధతి ఇందుకు పాఠం. నీటి, విత్తన ఆదా గురించి విరివిగా చర్చ జరిగింది. బురదలో కోనో వీడరును పదేపదే తోయడంలోని శ్రమకు అంత ప్రాధాన్యం దక్కలేదు. ఆ పద్ధతిని కొనసాగించకపోవడానికి రైతులు చెప్పిన కారణాలలో ఈ శ్రమ కూడా ఒకటి. శరీరం మోయలేని సిఫారసు, దిగుబడి ఎంత బాగున్నా, పొలంలో నిలవదు.

యంత్రాలు వస్తే ఈ సమస్యే ఉండదన్న వాదన ఉంది. నాటు యంత్రం, డ్రమ్ సీడరు నడుము వంచే శ్రమను తగ్గిస్తాయన్నది నిజం. అయితే యంత్రం మీది పని ఎక్కువగా పురుషులకు చేరి, స్త్రీల కూలి దినాలు తగ్గుతాయి. నేరుగా విత్తిన పొలంలో కలుపు బెడద పెరిగి, ఆ భారం తిరిగి వారిపైనే పడే అవకాశం ఉంది. పత్తి, మిరప తీతల్లో చేతులే నేటికీ ప్రధాన సాధనం. కాబట్టి యంత్రం కోసం ఎదురుచూస్తూ కొలతను వాయిదా వేయడం సమంజసం కాదు.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ సమన్వయంలో వ్యవసాయ ఎర్గోనామిక్స్‌పై అఖిల భారత పరిశోధన ప్రాజెక్టు నడుస్తోంది. దాని కొలత పద్ధతులను సస్యశాస్త్ర ప్రయోగాలకు అన్వయించుకోవచ్చు. కొత్త యాజమాన్య పద్ధతిని సిఫారసు చేసే ముందు స్త్రీ, పురుష శ్రామికుల గుండె స్పందన, వారు స్వయంగా చెప్పిన అలసట స్థాయి, పనివేళల్లోని ఉష్ణభారం నమోదు కావాలి. లాభ వ్యయ నిష్పత్తి పక్కన శ్రమభారానికి ఒక గడి కేటాయించాలి. విరామాలనే ట్రీట్‌మెంట్లుగా తీసుకొని, ఉదయం నాటిన మడులనూ మధ్యాహ్నం తరువాత నాటిన మడులనూ కుదుళ్ళ సంఖ్యలో, దిగుబడిలో పోల్చే ప్రయోగాలు జరగాలి. గంటకు పది నిమిషాల విరామం రైతుకు నష్టమా, లాభమా అన్నది అప్పుడే ఊహాగానాల స్థాయి దాటి తేలుతుంది.

ప్రయోగాల నాణ్యతకు కూడా ఇది అవసరం. ఒక రెప్లికేషన్‌ను పొద్దున, మరొకదానిని సాయంత్రం అలసిన చేతులతో నాటిస్తే ఆ తేడా భూమి తేడాతో కలిసిపోతుంది. ఒకే రెప్లికేషన్ మధ్యలో పొద్దు మారితే అది ట్రీట్‌మెంట్ల తేడాగానూ కనిపించవచ్చు. నాటిన వేళను నమోదు చేయడానికి ఖర్చేమీ లేదు.

కూలీల కొరత అన్న మాట వ్యవసాయ సదస్సుల్లో తరచుగా వినిపిస్తుంది. పనికి మనుషులు లేకపోవడం ఒక కొరత. ఉన్న మనుషుల శక్తి మధ్యాహ్నానికే హరించుకుపోవడం మరో కొరత. మొదటిదాన్ని తీర్చడం విశ్వవిద్యాలయాల చేతిలో లేకపోవచ్చు. రెండవదాన్ని కొలిచే సాధనాలు మాత్రం వాటికి అందుబాటులోనే ఉన్నాయి.