అయ్యగారి బీపీ ఎవరు చూస్తున్నారు?

చర్చిలో గొడవలు అనగానే మనకు కోర్టు కేసులు, స్థలాలు, ఎన్నికలు గుర్తొస్తాయి. 1947లో ఏర్పడిన సీఎస్‌ఐలో పరిపాలన తగాదా ఎంతదూరం పోయిందంటే, 2024 ఏప్రిల్‌లో దాని నిర్వహణ చూడడానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు రిటైర్డ్ జడ్జీలను నియమించింది. అలాంటివి పేపర్లో వస్తాయి. ఊళ్లో సంఘం రెండుగా చీలి, నిన్నటిదాకా ప్రసంగం చెప్పిన పాస్టర్‌ను కూర్చోబెట్టి రాజీనామా రాయించుకుంటే అది పేపర్లో రాదు. కొన్ని వారాల తర్వాత ఆస్పత్రి ఓపీకి వస్తుంది.

వచ్చినాయన మనసు బాగాలేదని చెప్పరు. ఛాతీలో బరువు, గ్యాస్, తల తిప్పడం, రాత్రి రెండింటికే మెలకువ రావడం, ఇవీ చెప్పేవి. ఈసీజీలో ఏమీ ఉండదు. బీపీ మాత్రం ఎక్కువగా ఉంటుంది, అదుపులో ఉన్న షుగర్ పెరిగి ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. నెలల తరబడి భయంలో, అవమానంలో ఉన్న శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను ఆపకుండా వదులుతూ ఉంటుంది. వాటితో రక్తపోటు, చక్కెర పెరుగుతాయి, నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మిగతా రెండూ ఇంకా పెరుగుతాయి.

ఉద్యోగం పోతే ఎవరికైనా కష్టమే. పాస్టర్ విషయంలో తేడా ఏమిటంటే, ఆయన ఉద్యోగం, ఇల్లు, స్నేహితులు, దేవుడి సన్నిధి అన్నీ ఒకే కాంపౌండ్‌లో ఉంటాయి. అన్నీ ఒకే రోజు పోతాయి. ఓదార్చాల్సినవాళ్లే ఆయన్ని వెళ్లిపొమ్మన్న వాళ్లు. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల లాంటి ఊళ్లలో ఈ వీధి మాట ఆ వీధికి చేరడానికి గంట పట్టదు. ఇంకో సంఘానికి పోదామంటే ఆయనకన్నా ముందే కబురు పోతుంది.

అందరి పరిస్థితీ ఒకటి కాదు. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ కథోలిక మేత్రాసనంలో గురువులను బిషప్ బదిలీ చేస్తారు. వాళ్లకు తిండికీ నీడకూ లోటుండదు, ఒంటరితనమే సమస్య. సీఎస్‌ఐ వాళ్లకు బదిలీలున్నా జీతమంటూ ఒకటి ఉంటుంది. అందరికన్నా ఆధారం లేనివాళ్లు విడి సంఘాల పాస్టర్లు. చాలామందికి వారం వారం వచ్చే కానుకలే జీతం. పీఎఫ్ లేదు, నోటీసు పీరియడ్ లేదు.

అమెరికాలో 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో 28 శాతం పాస్టర్లు, సంఘంలోని ఒక చిన్న వర్గం విమర్శల వల్ల ఎప్పుడో ఒకప్పుడు బలవంతంగా తప్పుకోవాల్సి వచ్చిందని చెప్పారు. నార్త్ కరోలినాలో మెథడిస్ట్ పాస్టర్లను పరీక్షిస్తే డిప్రెషన్, ఊబకాయం రెండూ మామూలు జనంలో కన్నా ఎక్కువగా కనిపించాయి. మన దగ్గర లెక్క తీస్తే ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని నాకు నమ్మకం లేదు.

డబ్బు తిన్నవాళ్లను, ఆడవాళ్లతో, పిల్లలతో తప్పుగా నడిచినవాళ్లను ఆరోగ్యం పేరు చెప్పి కాపాడమని నేననడం లేదు. అలాంటివాళ్లు వెళ్లాల్సిందే, కొన్నిసార్లు పోలీస్ స్టేషన్‌కు కూడా. కానీ అప్పుడైనా ఆరోపణ కాగితం మీద ఉండాలి, జవాబు చెప్పడానికి గడువుండాలి. చాలా గొడవల్లో జరిగేది అది కాదు. పాటల బృందం దగ్గరో, కమిటీ ఎన్నిక దగ్గరో మొదలై, గుసగుసలుగా పెరిగి, చివరికి ‘మీ మంచికే చెబుతున్నాం, రాజీనామా ఇవ్వండి’ అనే దగ్గర తేలుతుంది. ఆరోపణ ఏమిటో తెలియనివాడు రాత్రంతా తన మీద తానే విచారణ జరుపుకుంటూ ఉంటాడు.

ఇంట్లో అమ్మగారి సంగతి ఎవరూ అడగరు. సండే స్కూలు, స్త్రీల మైత్రి, వచ్చినవాళ్లందరికీ టీలు, జీతం లేకుండా ఆమె చేసిన పని కూడా అదే రోజు పోతుంది. భర్తను తీసుకొచ్చినప్పుడు ఆమె బీపీ కూడా చూడాలని జూనియర్లకు చెబుతుంటాను.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, మాటిమాటికీ తననే నిందించుకుంటున్నా అది విశ్వాసం తగ్గడం కాదు, డిప్రెషన్ కావచ్చు. ప్రార్థన మానమని ఏ డాక్టరూ చెప్పడు. ప్రార్థన చేసుకుంటూనే మందు వాడొచ్చు. డిప్రెషన్ మాత్రలు నిద్రమాత్రలు కావు, అలవాటు పడే మత్తు కాదు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి వారానికే మానేయొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రల జోలికి మాత్రం పోవద్దు. బతకాలని లేదన్న మాట వస్తే, చావు ఆలోచనలు వస్తున్నాయా అని నేరుగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆయన్ని ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకురండి. టెలిమానస్ నంబరు 14416 ఉచితం, ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చర్చికి తెలుస్తుందన్న భయం లేదు.

సంఘ పెద్దలకు డాక్టరుగా ఒక్క మాట. పాస్టర్‌ను పంపించాలనే నిర్ణయానికే వచ్చారనుకోండి. మూడు నెలల ఖర్చులు చేతికివ్వండి. పిల్లల వార్షిక పరీక్షలు అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేయమనకండి.