సరుకు కనబడాలి, దారీ మిగలాలి

టపాసుల అంగడి ఎలా ఉండాలో మన ప్రభుత్వానికి బాగా తెలుసు. దీపావళికి వెలిసే తాత్కాలిక దుకాణాల గురించి 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలు వివరంగా చెబుతాయి. షెడ్డును మంట అంటుకోని సామగ్రితోనే వేయాలి. అంగడికీ అంగడికీ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. రెండు అంగళ్లు ఎదురెదురుగా ఉండకూడదు. నూనె దీపం, గ్యాస్ దీపం దగ్గరికి రానివ్వకూడదు. బల్బును గోడకో కప్పుకో బిగించాలి తప్ప వైరుకు వేలాడదీయకూడదు. ప్రతి వరుసకూ ఒక మాస్టర్ స్విచ్ ఉండాలి. ఒకచోట 50 దుకాణాలకు మించకూడదు.

ఇంత రాసి ఉన్నా 2022 అక్టోబర్ 23న విజయవాడ జింఖానా మైదానంలో టపాసుల దుకాణాలు అంటుకుని ఇద్దరు చనిపోయారు. అందుకే కాగితం మీది నిబంధనతో పాటు దాన్ని కొలిచి చూసే మనిషీ కావాలి.

నిజానికి ఈ షరతుల్లో టపాసులకే పరిమితమైనవి తక్కువ. ఎడం, వేలాడని వైరు, ఒక్కచోట కరెంటు ఆపేసే వీలు బట్టల కొట్టుకూ బొమ్మల బండికీ కూడా అవసరమే. పండుగ మర్నాడు మైదానం ఖాళీ కాగానే ఆ జాగ్రత్తంతా అటకెక్కుతుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం, హిందూపురం, పెనుకొండ చూస్తే ఈ లోటు స్పష్టంగా తెలుస్తుంది. మూడు ఊళ్లలో సరుకు పరిచే జాగాలు మూడు రకాలు. ఒకచోట పనికొచ్చిన జాగ్రత్త మరోచోట చాలదు.

ధర్మవరం సంగతి ముందు చూద్దాం. భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి పట్టు చీర అంత సులువుగా అంటుకోదు. పట్టు మెల్లగా కాలుతుంది, మంట తీసేస్తే చాలావరకు తనంతట తానే ఆరిపోతుంది. కొట్టులో భయపడాల్సింది దాని చుట్టూ చేరినవాటికి: ప్లాస్టిక్ కవర్లు, అట్టపెట్టెలు, ప్లైవుడ్ రాకులు, ఫాల్స్ సీలింగ్, దాని వెనక కనబడకుండా పోయే వైర్లు, జరీ మెరవాలని వరసగా బిగించిన లైట్లు. పాలిస్టర్ అయితే కరిగి బొట్లు బొట్లుగా కింద పడుతుంది, పడినచోట మళ్లీ అంటిస్తుంది.

పెళ్లి బేరం వచ్చినప్పుడు ఆ కొట్టును గమనించండి. చెప్పులన్నీ వాకిట్లో కుప్పగా విడిచి, ఇంటిల్లిపాదీ పరుపు మీద కూర్చుంటారు. సేల్స్‌మన్ మడత విప్పి చీరను ముందుకు పరుస్తాడు. నచ్చనిది పక్కకు జరుగుతుంది, దాని మీద ఇంకోటి పడుతుంది. కాసేపటికి మోకాలెత్తు గుట్ట తయారవుతుంది. పొడవుగా, ఇరుకుగా ఉన్న గదిలో ఆ గుట్ట పడేది నడిచే దారిలోనే. లోపల ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటారు. కరెంటు పోయి పొగ కమ్మితే వాళ్లు ఆ గుట్టనూ చెప్పుల కుప్పనూ దాటి, ఉన్న ఒక్క తలుపులోంచే బయటపడాలి. రాకులు ఒక గోడకే పెట్టి, రెండో గోడ వెంట దారికి గీత గీసి, ఆ గీత మీద చీర పడకూడదని పనివాళ్లకు చెబితే చాలు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

అదే చీరను రైల్వే స్టేషన్‌లో అమ్మాలంటే పద్ధతి మారాలి. స్థానిక సరుకు కోసం 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ‘ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి’ పథకాన్ని ప్రకటించారు. ధర్మవరం లాంటి జంక్షన్‌లో రైలు ఆగగానే జనం ఒక్కసారిగా కదులుతారు. అక్కడ స్టాల్ ముందు స్టాండ్లు, బొమ్మలు పెట్టకూడదు. సరుకంతా స్టాల్ లోపలే మెట్లు మెట్లుగా పైకి కనబడాలి. కొనేవాడు ప్లాట్‌ఫాం అంచుకు వెనక్కి జరగాల్సిన అవసరం రాకూడదు.

హిందూపురం బజారులో సమస్య వేరు. చింతపండు, మిరప వ్యాపారానికి పేరున్న ఈ పట్టణానికి కర్ణాటక పల్లెల నుంచి కూడా జనం వస్తారు. భారత రోడ్ల కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కాలిబాటపై నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు, తలపైన 2.2 మీటర్ల ఎత్తు అడ్డు లేకుండా ఉండాలి. బజారుల్లో ఆ వెడల్పును బకెట్లు, బిందెలు, గౌన్లు తొడిగిన బొమ్మలు తినేస్తాయి. ఆ ఎత్తును షట్టర్‌కు వేలాడే సరుకు తినేస్తుంది. మిగిలిన చోట బైకులు ఆపుతారు. నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగక తప్పదు. పైగా రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే ప్రాంతం ఇది. ఆషాఢం గాలికి, అడుగున బరువు లేని బొమ్మ గానీ ఫ్లెక్సీ స్టాండు గానీ నిలవదు.

బయట పెట్టకపోతే మా సరుకు ఎవరు చూస్తారని చిన్న వ్యాపారి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ జాగ్రత్తల పేరు చెప్పి బండ్లను తరిమేయడాన్ని నేను ఒప్పుకోను. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని అది చెబుతోంది. బండి ఎక్కడ ఆగాలి, ఎంత ముందుకు రావచ్చు, గొడుగు ఎంత ఎత్తున ఉండాలి అన్నవి ఆ కమిటీలో వాళ్లతో కూర్చుని తేల్చాల్సిన విషయాలు.

పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసుకు మతభేదం లేకుండా జనం వస్తారు. ఇలాంటి ఉత్సవాల్లో అసలు ప్రమాదం పొరుగుతనంలో ఉంటుంది. సలసల కాగే నూనె బాణలి, దాని కింద గ్యాస్ సిలిండర్, ఆ పక్కనే ప్లాస్టిక్ బొమ్మల అంగడి, పైన ఇద్దరికీ కలిపి ఒకే టార్పాలిన్. బుడగల్లోకి హైడ్రోజన్ నింపే సిలిండర్ ఆ దగ్గర్లోనే ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. పొయ్యిలన్నీ ఒక వరుసలో గాలివాలుకు, బట్టలూ బొమ్మలూ మరో వరుసలో, నడుమ అంబులెన్స్ పట్టేంత దారి. స్థలాలు కేటాయించే రోజునే సున్నంతో ఈ గీతలు గీయాలి. అంగళ్లు వేశాక ఎవరినీ కదల్చలేం.

పెనుకొండ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిది మరో లెక్క. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. దానిమ్మ గుట్ట చూసి డ్రైవరు బ్రేకు వేస్తే వెనక లారీ ఆగలేదు. రోడ్డంచున అమ్మేవాళ్లకు లోపలికి జరిగిన జాగా, బండి ఆపే చోటు, ముందుగా కనబడే బోర్డు కావాలి.

మూడు ఊళ్లకూ వర్తించే ముప్పు ఇంకొకటుంది. కింద అంగడి, పైన ఇల్లో లాడ్జీయో ఉండటం మనకు మామూలు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ వాహనాల షోరూం అంటుకుంటే పై లాడ్జిలో ఉన్నవాళ్లు పొగకు చిక్కారు, 8 మంది చనిపోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో, కింద నగల దుకాణాలున్న ఇంట్లో 17 మంది ప్రాణాలు పోయాయి. మెట్ల కింద అట్టపెట్టెలు పేర్చే ప్రతి అంగడీ ఈ రెండు ఘటనలను గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఏడాది దీపావళికి టపాసుల మైదానంలో ముగ్గు వేసి ఎడం కొలిచే సిబ్బందికి ఒక విన్నపం. పండుగ అయ్యాక ఆ టేపును దాచేయకండి. అగ్నిమాపక అధికారినీ, విక్రయ కమిటీలోని వ్యాపారులనూ వెంటబెట్టుకుని పెళ్లిళ్ల సీజనుకు ముందే బజారుకు రండి. ముందు మెట్లు, తర్వాత తలుపు, ఆ తర్వాత కాలిబాట కొలవండి.