వకీలు చదువు

పై తరగతి బాలుర తండ్రులు మాయొద్దకు వచ్చి, "అయ్యా, మావాడు ప్లీడరు కావలెననుచున్నాడు. ఆ చదువుతో కోర్టు తప్ప వేరు దారి కలదా?" అని యడుగుచుందురు. దీనికి బదులు వెదకుటకు దూరమేగ నక్కరలేదు.

అప్పటి కరీంనగరు జిల్లా వంగర గ్రామవాసి పాములపర్తి వేంకట నరసింహారావుగారు నాగపురమున న్యాయశాస్త్రము చదివి, హైదరాబాదున బూర్గుల రామకృష్ణారావుగారి యొద్ద జూనియరుగా నుండిరి. పత్రిక నడిపిరి. 1957లో మంథని నుండి శాసనసభకు ఎన్నికైరి. 1971లో ముఖ్యమంత్రియు, 1991లో ప్రధానమంత్రియు నైరి. విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికి మార్చినవారును వీరే! ఇన్ని మలుపులున్న బాటను చంచలత్వ మనుట మాకు సమ్మతము కాదు.

వీరి పాలనలోనే, 1992లో, బొంబాయిలో హర్షద్ మెహతా వ్యవహారము బయటపడెను. బ్యాంకులు ప్రభుత్వ ఋణపత్రముల నమ్ముకొనుచు, పత్రములకు బదులు రసీదుల నిచ్చుకొనుచుండెడివి. వెనుక పత్రమే లేని రసీదులు పుట్టినవి. వానిపై బ్యాంకుల సొమ్ము దలాలీల చేతికిని, అటనుండి షేర్ల బజారుకును పారెను. గాదెలో గింజ లేకయే వడ్లకు చీటి వ్రాసి యిచ్చుట వంటిది. జానకీరామన్ కమిటీ లెక్కకు ఇది సుమారు 4,000 కోట్ల రూపాయలు. ఆ యేటనే సెబీకి చట్టబలము కల్గెను. ఇట్టి నేరముల విచారణకే ప్రత్యేక న్యాయస్థాన మేర్పడెను. 1999లో గాని మెహతాకు అయిదేండ్ల శిక్ష పడలేదు.

ఒక సంగతి దాచుట తగదు. ప్రధానికి కోటి రూపాయలిచ్చితినని 1993లో మెహతా ఆరోపించెను. ప్రక్కన నిలిచినవాడు ప్రసిద్ధ న్యాయవాది రామ్ జెఠ్మలానీ. ఆయనయు తరువాత కేంద్రమున న్యాయశాఖామంత్రి యయ్యెను. ఆ యారోపణ రుజువు కాలేదు.

ఇట్టి దావాలో సెక్షన్లు వల్లించిన వకీలు ఏమి చేయగలడు? ఖాతాపుస్తకము చదువవలెను, ఏ తేదీన ఏ సొమ్ము ఎచటికి పోయెనో పట్టవలెను, దానిని న్యాయమూర్తికి తేటమాటలలో చెప్పవలెను. చట్టము, లెక్క, భాష మూడును కావలెను. మాకు బెంగ కల్గించునది దారులు లేకపోవుట కాదు, బాలురు ఈ మూడింటిలో రెంటిని ముందే విడుచుట.

మొన్న నొకడు, "లెక్కలు రావు గనుక ప్లీడరు నగుదు"ననెను. వానిచేత వడ్డీలెక్కలు మొదటినుండి చేయించుచున్నాము.