రెండో కుర్చీ

మా తమ్ముడి ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. రెండేళ్ల కిందట, వాళ్ల అబ్బాయి బీటెక్‌లో చేరినప్పుడు, లక్షకు కొంచెం తక్కువలో విడిభాగాలు కొని కూర్పించారు. ఎనిమిది కోర్‌ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు. అది వాడి గదిలో ఉండేది. వాడు కాలేజీకి పోతే ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉండేది. వాడి చెల్లెలు డిగ్రీలో డేటా సైన్స్ చదువుతోంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పిల్ల వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఫోన్లో పైథాన్ ప్రోగ్రాం కొడుతోంది. అంగుళం వెడల్పు కీబోర్డు మీద, బ్రాకెట్ కావాలంటే రెండుసార్లు తెర మార్చుకుంటూ. "కంప్యూటర్ ఉందిగా తల్లీ" అన్నాను. "అన్నయ్య బొమ్మ రెండరింగ్‌కి పెట్టాడు పెద్దనాన్నా, రాత్రిదాకా ముట్టుకోవద్దన్నాడు" అంది. ఫిర్యాదుగా అనలేదు. అలవాటైపోయిన మాటలా అంది. నాకు అదే బాధేసింది.

తమ్ముడు నా మొహం చూసి, "ఈ వేసవిలో దానికీ ఒక ల్యాప్‌టాప్ కొనిపెడతాలే అన్నయ్యా" అన్నాడు. వద్దన్నాను. ఉన్న యంత్రంలోనే ఆ పిల్ల వాటా ఉంది, ముందు అది తీసి ఇవ్వమన్నాను. రెండు ఆదివారాలు కూర్చుని ఇచ్చాం. ఇప్పుడు ఆ ఒక్క పెట్టెకు రెండు మానిటర్లు, రెండు కీబోర్డులు, రెండు మౌస్‌లు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే సమయంలో కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఇలా కుదురుతుందని మన ఇళ్లలో చాలామందికి తెలియదు. అది వాళ్ల తప్పు కాదు. అమ్మే చోట ఎవరూ చెప్పరు. రెండో మానిటర్ కేబుల్ కోసం వెళ్లిన దుకాణంలో సంగతి చెబితే, "ఒక మనిషికి ఒక సిస్టమే సార్, పాపకి వేరేది తీసుకోండి" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు.

కొంచెం లెక్క చూడండి. ఓ మోస్తరు వేగంతో టైపు చేసే మనిషి ఒక మీటకీ మరో మీటకీ మధ్య దాదాపు సెకనులో ఐదో వంతు తీసుకుంటాడు. 4 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కోర్ ఒక్కటి ఆ కాస్త వ్యవధిలో 80 కోట్ల సార్లు టిక్కుమంటుంది. అలాంటి కోర్‌లు ఆ పెట్టెలో ఎనిమిది. మనం తెర మీద ఏదో చదువుతూ, ఆలోచిస్తూ, ఒక అక్షరం కొట్టి ఆగుతూ ఉన్నంతసేపూ ఆ యంత్రం దాదాపు ఊరికే కూర్చుని ఉంటుంది.

పెళ్లి బంతిలో వడ్డన చూసినవాళ్లకు మిగతాది వివరించక్కర్లేదు. సాంబారు బకెట్ ఒక్కటే, వడ్డించేవాడూ ఒక్కడే. ఒక విస్తట్లో గరిటెడు పోసి పక్క విస్తరికి జరుగుతాడు. మొదటివాడు కలుపుకుని నాలుగు ముద్దలు తినేలోపు బంతి చివరిదాకా వెళ్లి తిరిగి వస్తాడు. తినేవాడికి తన దగ్గర వడ్డన ఆగినట్టే తెలియదు. ప్రాసెసర్ కూడా కొన్ని మిల్లీసెకన్లకో గరిటె చొప్పున అలాగే తిరుగుతుంది.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో 1961 నవంబరులో ఒక ఐబీఎం 709 యంత్రాన్ని నలుగురు ఒకేసారి వాడుకునేలా చేసి చూపించాడు. నాలుగు టైప్‌రైటర్ లాంటి టెర్మినళ్లు, నలుగురు మనుషులు, ఒక్క యంత్రం. దాని మెమరీ ఇప్పటి కొలతలో 150 కిలోబైట్లకు లోపే. మా తమ్ముడి ఇంట్లో ఉన్న ర్యామ్ దానికి రెండు లక్షల రెట్లకు పైమాట. అంత చిన్న మెమరీతో నలుగురికి సరిపెట్టినప్పుడు ఇంతటి మెమరీ ఉన్న ఇంట్లో ఇద్దరికి చాలదనడం నాకు మింగుడుపడదు. ఆ పని పెరిగి పెద్దదై సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ అయింది. కార్బటోకు 1990లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టుకోవడం మొదలైంది కూడా ఆ పంపకంలోనే అంటారు. ఒకే యంత్రంలో పలువురి కాగితాలు ఉన్నప్పుడు ఎవరి అర వాళ్లకు ఉండాలి కదా. అక్కడే పరిశోధన చేస్తున్న అలన్ షెర్‌కు యంత్రం మీద కేటాయించిన సమయం చాలలేదు. 1962లో ఆయన పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తాన్ని అచ్చు వేయించుకుని, మిగతావాళ్ల పేర్లతో లాగిన్ అయి పని పూర్తిచేసుకున్నాడు. పంచుకునే చోట తగువు ఎలా మొదలవుతుందో ఆ ఒక్క సంగతి చాలు. మా ఇంటి అమ్మాయి మొదట అడిగింది కూడా ఇదే: "నా ఫైళ్లు అన్నయ్యకి కనిపిస్తాయా?" కనిపించవు. ఇద్దరికీ వేరువేరు అకౌంట్లు, వేరువేరు పాస్‌వర్డ్‌లు, ఒకరి ఫోల్డర్ ఇంకొకరికి తెరుచుకోదు. అడ్మిన్ పాస్‌వర్డ్ పిల్లల దగ్గర కాకుండా తమ్ముడి దగ్గర ఉంచాం. అది వాడి దగ్గరే ఉండాలని నేను పట్టుబట్టాను.

ఈ పంపకం మన దేశానికీ కొత్త కాదు. రైల్వే రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో కంప్యూటర్ మీదికి వచ్చింది. కౌంటర్ల వెనక గుమాస్తాల ముందున్నవి ఉత్త టెర్మినళ్లు, లెక్కలన్నీ లోపలెక్కడో ఉన్న పెద్ద యంత్రానివి. ఇక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో జరిగింది ఈ విషయానికి మరీ దగ్గర. 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబ్‌ల కోసం ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలను ఎంచుకున్నారు. 18 లక్షల మంది పిల్లలకు కంప్యూటర్ అందుతుందని అప్పుడు ప్రకటించారు. అరచేతిలో పట్టే పెట్టె ఒకటి. దానికి మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలిస్తారు. అలాంటివి కొన్ని కలిసి ఒకే కంప్యూటర్ మీద నడుస్తాయి. అప్పుడు తొమ్మిదో తరగతిలో ఆ తెరల ముందు కూర్చున్న పిల్లలు ఇవాళ ముప్పయ్యేళ్ల వాళ్లు. తాము పంచుకుంటున్నామని వాళ్లలో ఎందరికి తెలుసో! ఈ పద్ధతిలో బలహీనత కూడా ఉంది, దాచకూడదు. మూల యంత్రం ఒక్కటి పడుకుంటే దాన్ని నమ్ముకున్న తెరలన్నీ చీకటే. బాగుచేసే మనిషి పక్కన ఉన్నచోట ఇది వరం, లేనిచోట భారం.

మరి ఇళ్లలోకి ఎందుకు రాలేదంటే, 1981లో ఐబీఎం పీసీ వచ్చిన దగ్గర్నుంచి యంత్రం పేరులోనే "పర్సనల్" చేరింది. విండోస్ ఆ దారిలోనే పెరిగింది. మామూలు విండోస్‌లో ఎన్ని అకౌంట్లయినా పెట్టుకోవచ్చు గానీ, ఒకసారి తెర ముందు ఒక్కరే. ప్రో రకంలో ఇంకో చోటి నుంచి రిమోట్‌గా లోపలికి వస్తే, ఇక్కడ కూర్చున్నవాడి తెర లాక్ అవుతుంది. అలా ఆపేది ప్రాసెసర్ కాదు, లైసెన్సు. పాఠశాలల కోసం మైక్రోసాఫ్ట్ 2010లో మల్టీపాయింట్ సర్వర్ అని తెచ్చింది, తర్వాత దాన్ని వదిలేసింది. ఆస్టర్ వంటి ప్రోగ్రాంలు డబ్బు కట్టి వేసుకుంటే విండోస్‌లోనూ రెండు సీట్లు నడుస్తాయి. లైసెన్సును దాటేసే చిట్కాలు కూడా ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు.

మేం లైనక్స్ ఎంచుకున్నాం. దాని పూర్వీకుడైన యూనిక్స్ 1969లో పుట్టిన దగ్గర్నుంచీ పలువురు వాడుకునే యంత్రాల కోసం పెరిగింది. ఆ గుణం లైనక్స్ రక్తంలో ఉంది. దీన్ని అక్కడ మల్టీసీట్ అంటారు. ఒక మానిటర్, ఒక కీబోర్డు, ఒక మౌస్, చెవులకు పెట్టుకునేది ఒకటి, ఇవన్నీ కలిస్తే ఒక సీటు. ప్రతి సీటుకూ బొమ్మ గీసే చిప్ తనదంటూ ఒకటి ఉండాలి. మా తమ్ముడి యంత్రంలో ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ చిప్ ఉంది, విడిగా కొన్న కార్డు ఉండనే ఉంది. కార్డు అబ్బాయికి, లోపలి చిప్ అమ్మాయికి. కార్డు పెట్టగానే లోపలి చిప్ నిద్రపోకుండా, యంత్రం మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్‌లో ఒక సెట్టింగ్ మార్చాలి. మాకు మొదటి ఆదివారమంతా అదెక్కడుందో వెతకడానికే పోయింది. కొన్ని ప్రాసెసర్లలో అసలు లోపలి గ్రాఫిక్స్ ఉండదు. అప్పుడు చవకైన పాత కార్డు ఇంకొకటి కావాలి.

తర్వాత యూఎస్‌బీ హబ్ ఒకటి. అమ్మాయి కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ ఆ హబ్‌కే పెట్టాలి. లాగిన్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో లోపలి చిప్‌నూ ఆ హబ్‌నూ రెండో సీటుకు రాసిచ్చేస్తే, ఆ హబ్‌లో ఏది గుచ్చినా ఆ పిల్లదే అవుతుంది. పెన్‌డ్రైవ్ కూడా. యంత్రాన్ని మళ్లీ ఆన్ చేశాం. రెండు తెరల మీదా రెండు లాగిన్ పేజీలు వచ్చాయి. ఆ పిల్ల కాసేపు కుర్చీలో కూర్చోకుండా నిలబడే చూసింది. నా దగ్గరున్న పాత మానిటర్ ఇచ్చాను. కీబోర్డు, మౌస్, హబ్, హెడ్‌సెట్, కేబుల్ కలిపి తమ్ముడికి అయిన ఖర్చు నాలుగు వేలు దాటలేదు.

నిజానికి కష్టమైన పని బల్ల జరపడం. హెచ్‌డీఎంఐ కేబుల్ నాలుగైదు మీటర్లకు మించి లాగితే చిక్కులు వస్తాయి కాబట్టి రెండు సీట్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. అంటే యంత్రం అబ్బాయి గదిలోంచి హాల్లోకి రావాలి. వాడు రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. "నా సిస్టమ్" అన్నాడు. "నాన్న కొన్నది" అంది మా మరదలు, ఇంకేమీ అనలేదు.

మూడో వారంలో ఒక దెబ్బ తగిలింది. వాడు బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల ప్రోగ్రాంలో పెద్ద దృశ్యం రెండరింగ్‌కు పెట్టాడు, అది మెమరీ మొత్తం తాగేసింది. సిస్టమ్ ఊపిరాడక అమ్మాయి ప్రోగ్రాంను మూసేసింది. గంటన్నర పని పోయింది. ఆ పిల్ల ఏడ్చింది, నాకు ఫోన్ వచ్చింది. దీనికి మందు లైనక్స్‌లోనే ఉంది. ఏ అకౌంట్ ఎంత మెమరీ దాటకూడదో ముందే రాసిపెట్టవచ్చు. వాడికి 18 జీబీ, అమ్మాయికి 10 జీబీ హద్దు వేశాం, మిగతాది సిస్టమ్‌కు. మళ్లీ ఆ గొడవ రాలేదు. ఇంకొకటి: మెనూలోంచి షట్‌డౌన్ నొక్కితే, ఇంకొకరు లాగిన్ అయి ఉన్నారని చెప్పి పాస్‌వర్డ్ అడుగుతుంది. పెట్టె మీది బటన్‌ను అదిమి పట్టుకుంటే మాత్రం ఎవరినీ అడగకుండా ఆరిపోతుంది. అందుకని బటన్ పక్కన కాగితం అంటించారు: "ఆపేముందు అడుగు."

కుదరనివీ ఉన్నాయి. అబ్బాయికి ఇష్టమైన వాలరంట్ ఆట లైనక్స్‌లో నడవదు. అందుకని ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు యంత్రం విండోస్‌లోకి పోతుంది, అప్పుడు అమ్మాయికి సీటు లేదు. బదులుగా పరీక్షల వారంలో ఆ మూడు గంటలూ వాడు వదులుకోవాలి. విండోస్‌ కోసమే చేసిన ట్యాలీ వంటివి మీకు రోజూ అవసరమైతే ఈ దారి మీకు సుఖంగా ఉండదు. ఒక డిస్కు పోతే ఇద్దరి చదువూ పోతుంది కాబట్టి వారానికోసారి బయటి హార్డ్‌డిస్కులోకి బ్యాకప్ తప్పనిసరి. ఇన్ని ఉన్నా నా తీర్పు మారలేదు. యూపీఎస్ ఒక్కటి చాలు, రిపేరుకు పోవాల్సిన పెట్టె ఒక్కటే, డబ్బు ఒకచోట పెట్టినందుకు ఇద్దరికీ మంచి యంత్రమే దక్కింది. కిందటేడాది చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో ఈ మధ్య కొన్నవాళ్లకు తెలుసు. ఇప్పుడు రెండోది కొంటే ఆ డబ్బుకు నాసిరకమే వస్తుంది, అది ఎవరి చేతికి వెళుతుందో కూడా మనకు తెలుసు.

గదులు దూరమైతే ఇంకో మార్గం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహకారం 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు చాలా ఇళ్లలో అటక మీదికి పోయాయి. అలాంటిదాన్ని దించి, తేలికపాటి లైనక్స్ వేసి, నెట్‌వర్క్ కేబుల్‌తో హాల్లోని యంత్రానికి కలిపితే అది తెరగా పనికొస్తుంది. లెక్కలన్నీ పెద్ద యంత్రం చేస్తుంది, పాతది చూపిస్తుంది. వైఫై కంటే కేబుల్ మేలు.

పిల్లలు బీటెక్‌లో, డిగ్రీలో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. జూన్‌లో ఇంకో యంత్రానికి డబ్బు కట్టేముందు, ఇంట్లో ఉన్న యంత్రం ఎవరి గదిలో ఉందో, ఆ గది తలుపు ఎవరికి తెరుచుకోవడం లేదో చూడండి. ఆ పెట్టెను ఒకసారి వెనక్కి తిప్పండి. పైన యూఎస్‌బీ పోర్టుల వరుసలో ఒక హెచ్‌డీఎంఐ, కింద గ్రాఫిక్స్ కార్డు మీద ఇంకొకటి కనిపిస్తే, ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉందో లేదో కూర్పించిన వాళ్లను అడగండి. ఉందంటే ఇంకో కుర్చీ తెచ్చి వేయండి.