మద్దెల మంచిదే

నక్షత్రాలు కోడిగుడ్లలా సాగిన ఫొటో చూపిస్తే చాలు, ఎవరినడిగినా ఒకటే సలహా: "మౌంట్ మార్చు." నేనూ మార్చాను. జేబు ఖాళీ అయింది, గుడ్లు గుడ్లుగానే ఉన్నాయి. గైడింగ్ గ్రాఫ్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ బుద్ధిగానే ఉంది.

గ్రాఫ్ బాగుంటే గైడింగ్ బాగున్నట్టే అనే నమ్మకంతోనే నా తగవు. గైడ్‌స్కోప్ చూస్తున్న చుక్క కదల్లేదని తప్ప గ్రాఫ్ ఇంకేమీ చెప్పదు. పక్కనున్న పెద్ద టెలిస్కోప్ ఎటు చూస్తోందో దానికి తెలీదు. రెంటి మధ్యా వంపు వచ్చిందా, ఆటోగైడర్ మౌంట్‌ను శ్రద్ధగా తప్పుదారి పట్టిస్తుంది.

ఎంత వంపు? పది సెంటీమీటర్ల ఎడంలో రెండు రింగులుంటే, ఒకదాంట్లో గొట్టం అర మైక్రాను జరిగితే చాలు, ఒక ఆర్క్‌సెకండు తేడా. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు! 800 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కు 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా పెడితే ఆ ఆర్క్‌సెకండే దాదాపు ఒక పిక్సెల్. మరి గైడ్‌స్కోప్‌ను మనం దేనిమీద నిలబెడుతున్నాం? రింగుకు మూడేసి మరలు, గొట్టం గీసుకుపోకుండా వాటి మొనలకు ప్లాస్టిక్. ఆరుద్ర తూర్పున ఉండగా ఒక మర మోసిన బరువు, నడినెత్తికొచ్చేసరికి ఇంకోదాని మీదికి వాలుతుంది.

"ఆ మరలు తిప్పకపోతే గైడ్ చుక్క దొరకదు కదా" అంటారు. మందకొడి కెమెరాల రోజుల్లో నిజమే. ఇప్పటి సీమాస్ గైడ్ కెమెరాను ఎటు తిప్పినా ఏదో చుక్క తగులుతుంది. ఆ రింగులు పారేసి, గొట్టాన్ని రెండు చోట్లా లోహపు పట్టీలతో కదలకుండా బిగించండి. ఫోకసర్ లాక్ చేయండి, వేలాడే కేబుల్ కట్టేయండి.

అనుమానముంటే డితరింగ్ ఆపి గంటసేపు ఫొటోలు తీసి, మొదటిదాన్నీ చివరిదాన్నీ ఒకదానిపై ఒకటి పెట్టండి. చుక్కలన్నీ ఒకే వైపు, ఒకే మేర జరిగితే దొంగ ఈ వంపే. గైడ్ చుక్క చుట్టూ తిరిగినట్టుంటే ధ్రువం వైపు గురి తప్పింది. రెంటికీ కొత్త మౌంట్ మందు కాదు.

ష్మిట్-కాసెగ్రెయిన్‌ల సంగతి వేరు. అక్కడ అద్దమే లోపల జరుగుతుంది, బయట ఎంత బిగించినా లాభం లేదు. ఆఫ్-యాక్సిస్ గైడర్ పెట్టాల్సిందే. అదేదో కొత్త తలనొప్పి అనేవాళ్లు లిక్ అబ్జర్వేటరీ వైపు చూడాలి. 1898-1900 మధ్య జేమ్స్ కీలర్ అక్కడి 36 అంగుళాల క్రాస్లీ టెలిస్కోప్‌కు పక్కన వేరే గొట్టం నమ్ముకోలేదు. ఫొటో ప్లేటు అంచునే కంటికటకం పెట్టి, అదే అద్దం పంపిన చుక్కను చూస్తూ, ప్లేటును చేత్తో జరుపుతూ కూర్చున్నాడు.