కరుణ లేని ఉపవాసం ఎవరి కోసం?

విభూది బుధవారం వచ్చిందంటే కోడంబాక్కంలోని తెలుగు క్రైస్తవుల ఇళ్లలో వంటింటి లెక్క మారిపోతుంది. చాలామందికి మాంసం బంద్. కొందరు కాఫీ మానేస్తారు. మరికొందరు శుక్రవారం ఒంటిపూట భోజనంతో సరిపెట్టుకుంటారు. పెళ్లిళ్లు, వేడుకలు ఈస్టర్ తర్వాతకు వాయిదా పడతాయి. కతోలికులు తపస్సు కాలమన్నా, మిగతా సంఘాల వారు శ్రమల దినాలన్నా రోజులు అవే. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు వరకు ఆదివారాలు ఆరు తీసేస్తే సరిగ్గా 40. అరణ్యంలో ఏసు చేసిన ఉపవాసానికి అవి గుర్తు.

ఏమేం మానేశామో అందరికీ గుర్తుంటుంది. ఎందుకు మానేశామన్నదే మరుగున పడుతోంది. మన ఉపవాసం చూశాకే దేవుడు ప్రేమించడం మొదలుపెడతాడనుకుంటే క్రైస్తవాన్ని తలకిందులు చేసినట్టే. ఆ విశ్వాసంలో ముందడుగు దేవుడిదే. ఏసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో కొడుకు నోరు తెరవకముందే తండ్రి పరుగెత్తి వెళ్లి వాటేసుకుంటాడు. పోప్ 16వ బెనెడిక్ట్ 2005 డిసెంబరు 25న సంతకం చేసిన తన తొలి విశ్వలేఖను ఈ దైవప్రేమ మీదే రాశారు.

కోడంబాక్కానికి ఇది కొత్త సంగతేం కాదు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో, 1978లో 'కరుణామయుడు' వచ్చింది. దర్శకుడు ఎ.భీమ్‌సింగ్. 1961లో తమిళంలో 'పావమన్నిప్పు' తీసింది ఆయనే. ఆ పేరుకు అర్థం పాపక్షమాపణ. 'కరుణామయుడు' విడుదల కాకముందే ఆయన కన్నుమూశారు. క్రీస్తుగా నటించిన విజయచందర్ 1986లో షిర్డీ సాయిబాబాగానూ కనిపించారు. సిలువ మోసే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ రాయగా బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట గుడ్ ఫ్రైడే నాడు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ సినిమా చూసి కళ్లు తుడుచుకున్నవారు ఒక్క క్రైస్తవులే కాదు. మేకులు కొట్టినవాళ్లనే క్షమించమని తండ్రిని వేడుకున్న మనిషిని చూసి ఏ మతం వారికైనా గుండె కరుగుతుంది.

తెర ముందు కరిగిన ఆ గుండె ఇంటికొచ్చాక గట్టిపడితేనే చిక్కు. శుక్రవారం సిలువ మార్గంలో 14 స్థలాలూ మోకరిస్తారు. పక్క వరుసలోని తమ్ముడితో మాత్రం ఆస్తి తగాదాతో ఏళ్ల తరబడి మాటలుండవు. అంతకంటే పెద్ద గాయం కులం. తమిళనాట కొన్నిచోట్ల క్రైస్తవుల సమాధుల తోటల్లోనూ కులాల మధ్య గోడలు లేచాయి. ఆంధ్రలో పరిస్థితి వేరని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలవారెందరు? బతికుండగా ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవారిని చచ్చాక విడదీసే భక్తికి 40 రోజుల పస్తు ఏం పుణ్యం తెచ్చిపెడుతుంది?

అలాగని ఉపవాసం దండగని కాదు. ఖాళీ కడుపు ఎదుటివాడి ఆకలిని గుర్తుచేస్తుంది. నోరు కట్టుకున్నవాడికి కోపాన్ని అదుపు చేసుకోవడం కాస్త సులువవుతుంది. కానీ అది దారే తప్ప ఊరు కాదు. విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం కతోలిక చర్చిల్లో చదివే యెషయా ప్రవక్త మాటల సారమిదే: ఆకలిగొన్నవాడికి అన్నం పంచనిది, అణగారినవాడి కాడి విప్పనిది ఉపవాసమే కాదు.

సినిమా హైదరాబాద్‌కు తరలిపోయినా, ఆ స్టూడియోలను నమ్ముకుని బతికి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లున్నారు. ముసలితనంలో పలకరించే దిక్కులేని వారూ వారిలో ఉంటారు. మాంసం మానగా మిగిలిన రూపాయలతో అలాంటి ఒకరికి ఓ పూట భోజనం పెట్టొచ్చు. పక్కన కూర్చుని ఓ గంట కబుర్లు చెప్పొచ్చు. అందుకు పెద్ద సంఘాలు, చందా పుస్తకాలు అక్కర్లేదు.

ఈస్టర్ ఎలాగూ వస్తుంది. కూర మళ్లీ పొయ్యెక్కుతుంది. సిలువ మార్గంలో 14 స్థలాలు నడిచిన కాళ్లు ఆలోపు తమ్ముడి గడప ఒక్కటి దాటలేవా?